నిన్న ఏం తిన్నారు?

బోయిన్‌పల్లి మార్కెట్‌కి వచ్చే కూరగాయలకి లెక్క ఉంటుంది. కుళ్ళిపోయినవాటికి కూడా ఉంది! రోజుకి దాదాపు 10 టన్నుల వ్యర్థాల నుంచి అక్కడ 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో చెప్పారు. కానీ అక్కణ్ణించి ఇంటికెళ్ళిన వంకాయ ఎవరి కంచంలో ఎంత పడిందో చెప్పే లాగ్ ఫైల్ ఎక్కడా లేదు. తిన్నవాళ్ళనే అడగాలి.

అలా అడగడంలో ఆరితేరినవాళ్ళు మన తార్నాకలోనే ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చింది. 1972లో దీని ఆధ్వర్యంలో ఏర్పడ్డ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో వాళ్ళు ఊరూరా తిరిగి గత 24 గంటల్లో ఏం తిన్నారని అడిగేవారు. "రెండుసార్లు వడ్డించుకున్నా" అంటే కుదరదు. కొలత గిన్నెలు ముందు పెట్టి, ఎన్ని బియ్యం పోశారు, ఎంత అన్నం అయింది, అందులో ఎవరు ఎంత తిన్నారు అని రాబట్టి, మళ్ళీ బియ్యంలోకి లెక్క కట్టేవారు.

ఇంత చేసినా జవాబిచ్చేది మనిషే కదా. అందరికీ వడ్డించి చివర్న తినే ఇల్లాలు గిన్నెలో మిగిలింది ఎంతని చెబుతుంది? మధ్యలో నోట్లో వేసుకున్న జంతిక ఎవరికి గుర్తుంటుంది? అమెరికాలోని టూసాన్‌లో విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త 1973 నుంచి ఇళ్ళ చెత్తబుట్టలు తవ్వించాడు. జనం చెప్పిన బీరు కంటే చెత్తలో దొరికిన డబ్బాలే ఎక్కువ! ఐసోటోపులు కలిపిన నీళ్ళు తాగించి, ఒంట్లో ఖర్చయిన శక్తిని కొలిచే పద్ధతి వచ్చాక కూడా ఇదే తేలింది. జనం తిన్నదాని కంటే తక్కువే చెబుతారు, లావుగా ఉన్నవాళ్ళు ఇంకాస్త తక్కువ.

"అయితే ఏంటట?" అంటారా? మన దేశంలో పేదవాళ్ళెందరన్న లెక్క చాలాకాలం ఈ జ్ఞాపకం మీదే నడిచింది. జాతీయ శాంపిల్ సర్వే వాళ్ళు మామూలుగా గత 30 రోజుల ఖర్చు అడిగేవారు. 1990లలో ప్రయోగంగా కొన్ని ఇళ్ళలో తిండి ఖర్చుని 7 రోజులకే అడిగితే, అంకెలు ఎంత పెరిగాయంటే ఆ లెక్కన పేదరికం సుమారు సగానికి పడిపోయింది. ఎవరికీ ఒక్క ముద్ద అదనంగా దొరకలేదు, ప్రశ్న మారిందంతే. 1999-2000 సర్వేలో రెండు ప్రశ్నలూ పక్కపక్కనే అడిగారు. జవాబిచ్చేవాళ్ళు రెండూ పొంతన కుదిరేలా చెప్పి ఉంటారని విమర్శకులన్నారు. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపే మనకి ఇది అర్థం కాకపోదు! 1993-94లో 36 శాతమున్న పేదరికం ఆ సర్వేతో 26కి దిగింది. అందులో నిజంగా తగ్గినదెంత, ప్రశ్న వల్ల తగ్గినదెంత అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు.

2022-23 సర్వేలో కూరగాయలు, నూనె, గుడ్ల లాంటివాటికి 7 రోజులు, బియ్యం లాంటివాటికి 30 రోజులు పెట్టి, ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళారు. మంచి పనే. కానీ పాత అంకెల పక్కన కొత్తవి పెట్టి "చూశారా, ఎంత మారిపోయిందో" అనేముందు, అప్పుడేం అడిగారు, ఇప్పుడేం అడిగారు అన్నది చూసుకోవాలి. రెండు వెర్షన్లలో ఇన్‌పుట్ ఫార్మాట్ మారితే మనం అవుట్‌పుట్లు పోల్చం కదా? పేదవాడి కంచం విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఎందుకొద్దు?