పొట్టు పొయ్యి, మోటరు, మీటరు

నా చిన్నతనంలో పల్లెలో ఉన్నన్నాళ్లూ పొయ్యికి డబ్బు ఖర్చు పెట్టడమన్న మాటే మా ఇంట్లో వినలేదు. పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలిన కట్టె పీకి, మోపులు కట్టి, బండికెత్తుకొచ్చి దొడ్లో వామి వేసేవాళ్లు. కందికట్టె, పిడకలు సరేసరి. ప్రొద్దుటూరుకు మకాం మార్చాక తెలిసింది, చేను లేనివాడికి మంట కూడా అంగట్లో సరుకేనని. కట్టెలు అడితిలో తూకానికి అమ్మేవాళ్లు. అంత పెట్టలేనివాళ్లం సామిల్లుకు పోయి రంపపు పొట్టు మూటకిన్నని తెచ్చుకునేవాళ్లం.

పొట్టు పొయ్యి అంటే ఇనుప డబ్బా, అడుగున పక్కగా ఒక రంధ్రం, అంతే. మా జేజి ఆ డబ్బా నడిమధ్య ఖాళీ సీసా నిలబెట్టేది, కింది రంధ్రంలో ఒక కర్ర దూర్చేది, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో బిర్రుగా కూరేది. ఈ పని ఇంకెవరికీ వదిలేది కాదు. కూరడం వదులైతే సగం వంటలో పొట్టు కూలిపోయి ఇల్లంతా పొగ. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే నడుమ గొట్టంలా సందు ఏర్పడేది. కర్ర తీసేసి ఆ రంధ్రంలోంచి కాగితం ముక్క అంటిస్తే అన్నం, పప్పు ఉడికి, ఆపైన స్నానానికి నీళ్లు కూడా కాగేవి. పొట్టు ధర ఎక్కువైందనిపిస్తే జేజి మిల్లాయనతో పోట్లాడి ఓ అణా తగ్గించుకొచ్చేది. మా ఇంట్లో బేరమాడి కొన్న చివరి ఇంధనం అదే. కిరసనాయిలు రేషన్ షాపుకొచ్చాక డీలరుతో ఎంత గొడవపడినా ధర మారలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టి, బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర్నుంచి పన్నెండుకు చేరినప్పుడు, ఆ సంగతి జేజికి క్యూలో డబ్బా పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

పులివెందుల వైపు కథ పొయ్యి దగ్గర కాదు, బావి దగ్గర మొదలవుతుంది. మొదట కపిల. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడుస్తుంటే తోలు తొండంతో నీళ్లు పైకొచ్చేవి. దానికి ఖర్చు మేత. తర్వాత ఆయిలింజను వచ్చింది, దానికి డీజిలు. ఆ తర్వాత కరెంటు మోటరు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వ్యవసాయ మోటరుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టారు. అయిదు హార్స్‌పవర్ మోటరుకు ఏడాదికి 250. మీటరు చూసేవాడే లేడు. చీనీ (బత్తాయి) తోటలు పెరిగింది ఇలాంటి చవక కరెంటు మీదే. చవక అన్నానే గానీ, కరెంటు ఏ రాత్రి వేళకో వచ్చేది. టార్చిలైటు పట్టుకుని తోటకు పోయి స్టార్టరు నొక్కాలి. పాములు, తడిచేతికి షాకులు. వోల్టేజీ పడిపోతే మోటరు కాలేది. వైండింగుకు ఇచ్చిన డబ్బు ఏ టారిఫ్ పట్టికలోనూ ఉండదు. ఆటో స్టార్టర్లు అంత త్వరగా ప్రతి తోటకూ ఎందుకు పాకాయో ఆ రాత్రులు తిరిగినవాళ్లనడగాలి.

1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును రెండుగా చీల్చారు. మరుసటేడు మా కడప జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కిందికొచ్చింది. అదే ఏడాది ఛార్జీలు పెంచితే జనం ఉద్యమించారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఉద్యమకారుల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ ఉద్యమంలో ముందున్న పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. కరెంటు ఉచితంగా ఇస్తే తీగల మీద బట్టలారేసుకోవాలని అంతకుముందు ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆయన ఒకప్పుడు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు, బోరు ఎండిన రైతు ముఖం దగ్గర్నుంచి చూసినవాడు. కరెంటు ధర విషయంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మా మూడు తాలూకాల మాట చెల్లిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. బాకీలు కూడా మాఫీ అయ్యాయి.

అయితే యూనిట్ ధర సున్నా అయ్యాక ఖర్చు వేరే దారి పట్టింది. నీళ్లు కిందికి పోయాయి. రిగ్గు బండివాడు అడుగుకింతని లెక్క కడతాడు. అయిదారు వందల అడుగులు పోయినా దుమ్మే లేచిందంటే కేసింగు, మోటరు, పైపు, కేబులు అప్పులన్నీ అలాగే నిలబడతాయి. ఉచిత కరెంటు తప్పని నేను అనను. అది లేకుంటే చీనీ చెట్లు ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి. కానీ అందులో దాగిన ఖర్చు బోరులో ఉందని ఒప్పుకోవాలి.

ఇంకో విడ్డూరం. ఎర్రగుంట్ల, ముద్దనూరుల మధ్య కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో తొలి యూనిట్ మొదలుపెట్టి, 2018 నాటికి 1,650 మెగావాట్లకు చేరింది. బొగ్గు సింగరేణి నుంచి రైల్లో, నీళ్లు మైలవరం జలాశయం నుంచి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సోలారు పార్కు. 2017 ఏప్రిల్‌లో అక్కడి 250 మెగావాట్లకు వేలం జరిగితే ఒక ఫ్రెంచి కంపెనీ యూనిట్ 3.15 రూపాయలకు పాడింది. దేశంలో అప్పటికి అదే అతి తక్కువ సోలారు ధర. నెల తిరిగీ తిరగకముందే రాజస్థాన్‌లోని భడ్లా 2.44కు దించేసిందనుకోండి.

మన ఎండ మీద పుట్టిన కరెంటు 3.15కు అమ్ముడుపోతే ఇంటి బిల్లు సంగతేమిటి? మొదటి 50 యూనిట్లకు 1.45 అన్న రేటు 2022 మార్చి దాకా చాలా ఏళ్లు కదల్లేదు. ఆ ఏప్రిల్ నుంచి మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 400 దాటితే 9.75. తర్వాత ట్రూఅప్, ఇంధన సర్దుబాటు వచ్చి చేరాయి. ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు కట్టడమన్నమాట. లైన్లు, నష్టాలు, రైతుకూ పేదకూ ఇచ్చే రాయితీ, సూర్యుడు దిగాక మళ్లీ బొగ్గు, ఇవన్నీ నిజమే. గండికోట దగ్గర తలపెట్టిన పంప్డ్ స్టోరేజీ కూడా పగటి కరెంటును రాత్రికి దాచడానికే. కానీ ఈ లెక్క బిల్లు మీద ఎవరూ మనిషికర్థమయ్యేలా రాయరు.

గ్యాసు సంగతి క్లుప్తంగా చెప్తా. 1999లో దీపం పథకంతో మా వీధిలోకి సిలిండర్లు విరివిగా వచ్చాయి. 2020 మేలో సబ్సిడీ ఆగింది. 2023కు బండ 1,100 దాటి, ఆ ఆగస్టు చివర్న 200 తగ్గింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు ఉచితమంది.

ఈ వ్యాసం రాద్దామని కూర్చుంటే మా ఇంట్లో పాత మీటరు కార్డు ఒక్కటీ దొరకలేదు. పొట్టు పొయ్యి అంటించడానికి వాటిని చించినవాణ్ణి నేనే. ప్రొద్దుటూరులోగానీ, జమ్మలమడుగు, పులివెందులల్లోగానీ ఎవరింట్లోనైనా పాత మీటరు కార్డులు, గ్యాసు బుక్కులు, కిరసనాయిలు రాసిన రేషన్ కార్డులు అటక మీద ఉంటే దయచేసి పాత పేపర్లతో తూకానికి వేయకండి.