వినికిడి చదువు

బెంగళూరు అంచున ఆనేకల్ తాలూకాలో ఉన్న సర్జాపుర పాత ఊరు. హోసూరు సరిహద్దు దగ్గరే కాబట్టి కన్నడంతో పాటు తెలుగూ తమిళమూ అక్కడ ఎప్పటి నుంచో వినిపించే భాషలే. ఐటీ ఉద్యోగాలతో వచ్చి చేరిన తెలుగువాళ్లు ఇప్పుడు దానికి అదనం. సర్జాపుర రోడ్డు వెంబడి లేచిన అపార్ట్‌మెంట్లలో పిల్లలకు గిటారు నేర్పించడం మామూలైపోయింది. దాంతో పాటే ఒక పాత తగవూ వచ్చింది: ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ చదవడం రాకుండా పాట విని వాయించేవాడిది చదువేనా? లండన్ బోర్డుల గ్రేడు పరీక్షలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చాలామంది కాదనే అనుకుంటారు. మన సంగీతమంతా విని నేర్చిందే కదా అని రెండో పక్షం ఒక్క మాటతో తేల్చేస్తుంది. ఈ రెండో మాట నిజానికి దగ్గరగా ఉంది కానీ, అందులో ఉన్నది సగం నిజమే. దక్షిణాదిలో తీగవాద్యాల చరిత్ర చూస్తే విని నేర్చుకోవడం ఎన్నడూ ఒంటరి చెవి పని కాదు. విన్నదానికి పేరు పెట్టే స్వరజ్ఞానం, తప్పితే అక్కడికక్కడే ఆపే గురువు, ఈ రెండూ దానికి ఆధారాలు. కాగితం లేకపోవడం అందులో చిన్న సంగతి.

గిటారు కన్నా ముందు ఇక్కడికి వచ్చి స్థిరపడిన పాశ్చాత్య వాద్యం వయొలిన్. 1786లో పుట్టిన బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకున్నారు. అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టి నోట్టు స్వరాలు చేశారు. గమనించవలసింది మనవాళ్లు ఏం తీసుకున్నారో, ఏం వదిలేశారో. వయొలిన్ తీసుకున్నారు. నిలబడి వాయించే పద్ధతి వదిలి నేల మీద కూర్చున్నారు, శ్రుతి మార్చి తీగలను షడ్జ పంచమాలకు బిగించారు. వాద్యంతో పాటే వచ్చిన ఐదు గీతల కాగితాన్ని మాత్రం పక్కన పెట్టేశారు. రాత తెలియక కాదు. త్యాగయ్య శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ గురువుగారి కృతులను రాసి పెట్టుకున్న ప్రతులు నేటికీ ఉన్నాయి. ఆ రాత దాచుకోవడానికి. పాఠం మాత్రం నోటి నుంచి చెవికే. 1893లో చిన్నస్వామి ముదలియార్ మన కృతులను స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వేశారు. ఆయన ప్రోద్బలంతోనే సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వెలువరించారు. తమిళ దేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది. కంపితం, స్ఫురితం, నొక్కు వంటి గమకాలకు ఒక్కొక్కదానికీ ఒక గుర్తు పెట్టారు. అంత శ్రద్ధ తీసుకున్నా, తోడి రాగంలో గాంధారం ఎంత ఊగాలో ఆ గుర్తు చూసి తెలుసుకోవాలంటే తోడి ముందే చెవిలో ఉండాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. చెవి నమ్మకమైన గుమాస్తా కాదు. దీక్షితుల కృతులు కొన్ని ప్రదర్శినిలో ఒక రకంగా ఉంటే, ఇవాళ కచేరీల్లో వినిపించే పాఠాంతరం ఇంకో రకంగా ఉంటుంది. పాత రూపం కావలసినవారు ఆ పుస్తకం తెరవక తప్పదు. మనుషులతో పాటే పోయే విద్యకు సర్జాపురలోనే సాక్ష్యం ఉంది. ఒకప్పుడు అక్కడ సన్నని మస్లిన్ నేసేవారని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు నమోదు చేశాయి. ఎలా నేసేవారో చెప్పలేదు. గిరాకీ పోయింది, చేతుల్లోని విద్యా పోయింది. కాబట్టి రాత అక్కర్లేదనడం గర్వపు మాటే. నా వాదన అంతకన్నా చిన్నది: దాచడానికి రాత మేలు, నేర్పడానికి అది చాలదు.

గిటారుకు బాగా దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో దొరుకుతుంది. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్ర విద్వాంసుడు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను మెట్ల మీద వెతుక్కునేవాడు. ఆ పాఠంలో ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే మాట లేదు. నాకు తోచినంతలో ఆ లోటే మేలు చేసింది. వేళ్ల దారి ముందే ఎవరైనా గీసి ఇచ్చి ఉంటే, ఆ మెట్ల వాద్యం మీద గమకం పలకదన్న మాటనూ దాంతో పాటే నమ్మేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో వాయించే నాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఎనిమిది తీగల వాద్యాన్ని వదిలి, నాదం నిలిచే ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకోవడమూ చెవి అడిగిన మార్పే. అయితే ఎదురుగా సుబ్బరాజు గారు ఉన్నారని మరవకూడదు. వేలు తప్పితే ఆయన చెప్పలేరు, స్వరం తప్పితే ఊరుకోరు. అమెరికాలో వెస్ మాంట్‌గోమరీ చార్లీ క్రిస్టియన్ గిటారు సోలోలను రికార్డులు విని పట్టుకున్నాడు. అతనికి నొటేషన్ చదవడం రాదు. అదీ గొప్ప చదువే కానీ, రికార్డు ఎన్నిసార్లయినా పాడుతుందే గాని తప్పు చెప్పదు. తనను తానే దిద్దుకునే కఠినమైన చెవి ఉన్నవాడే ఆ దారిలో గట్టెక్కుతాడు. ఫోనులో పాట పెట్టుకుని సాధన చేసే నేటి పిల్లవాడిది ఈ రెండో దారి. దానికి గురుముఖమని పేరు పెట్టడం సొంత గొప్ప చెప్పుకోవడమే.

సినిమా ఆర్కెస్ట్రా సంగతేమిటని అడగవచ్చు. పాతికమంది వయొలిన్లు పట్టుకుని కూర్చున్న చోట, స్టూడియోకు గంటల లెక్కన అద్దె పెరుగుతుంటే, ఒక్కొక్కరికీ పాడి వినిపించడం కుదరదు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఇళయరాజా స్వరాలన్నీ కాగితం మీద రాసి పంచేవారంటే అందుకే. అది పదిమందిని ఒక్క తాటి మీద నడిపే ఏర్పాటు. ఒంటరి గిటారుకు ఆ అవసరం తక్కువ.

అసలు ఇప్పటి తగవులో తప్పు పక్షాలు నిలబడ్డాయని నా అనుమానం. విని వాయించడానికి పోటీ స్టాఫ్ నొటేషన్ కాదు, ట్యాబ్. అదీ కొత్తది కాదు, 1546లో స్పెయిన్‌లో అచ్చయిన, ముదర్రా అనే స్వరకర్త గిటారు వరుసలు ట్యాబ్‌లోనే ఉన్నాయి. ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో అది చెబుతుంది. ఆ మెట్టు దగ్గర పలికేది గాంధారమో మధ్యమమో తెలియకుండానే పాట పూర్తవుతుంది. ఐదు గీతల మీది చుక్క వేలి చోటు చెప్పదు, స్వరాన్ని చెబుతుంది. చదివేవాడు దాన్ని లోపల ఒక్కసారైనా విని తీరాలి. ఆ లండన్ బోర్డుల్లో ఒకటైన ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షలో చూసి వాయించడంతో పాటు వినికిడికీ విడిగా మార్కులున్నాయి. విన్నదాన్ని తిరిగి పాడమంటారు, తేడా పట్టమంటారు. పక్కన టీచరు కూర్చుని దిద్దుతుంటే ఆ పరీక్షకు తయారయ్యే సర్జాపుర పిల్ల, ఇంటర్నెట్‌లో దొరికిన ట్యాబ్ అంకెల మీద వేళ్లు నడిపే పిల్లవాడి కన్నా పాలకొల్లు పద్ధతికి దగ్గరగా ఉంది.