పాట వయసు ఎంత? న్యూ మెక్సికో స్పానిష్ జానపద గేయాల మూలాలపై ఒక పరిశీలన

న్యూ మెక్సికో పల్లెల్లో సేకరించిన స్పానిష్ పాటల్లో మంబ్రూ పాట ఒకటి. మంబ్రూ యుద్ధానికి వెళ్లాడు, ఎప్పుడొస్తాడో తెలియదు, చివరికి చావు కబురే వస్తుంది. ఎవరీ మంబ్రూ? ఇంగ్లండు సేనాని మార్ల్‌బరో డ్యూకు. ఆ పేరు ఫ్రెంచివాళ్ల నోట నలిగి, స్పానిష్‌వాళ్ల నోట మరింత నలిగి మంబ్రూ అయింది. డ్యూకు 1722లో మరణించాడు. పాట ఫ్రాన్సు నుంచి స్పెయిన్‌కు చేరి ఊరూరా పాకింది 18వ శతాబ్దం చివరి భాగంలో. న్యూ మెక్సికోలో హువాన్ దె ఒన్యాతే నాయకత్వాన స్పానిష్ వలస మొదలైంది 1598లో. కాబట్టి ఈ పాట తొలి వలసదారుల మూటలో వచ్చింది కాదు. వాళ్లు వచ్చిన సుమారు నూట ఎనభై ఏళ్లకో, ఇంకా తర్వాతో వచ్చింది.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ ప్రాంతపు పాటలు ఒన్యాతే సైనికుల వెంట వచ్చి, బయటి గాలి సోకని కొండ పల్లెల్లో నాలుగు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయన్న మాట చాలాకాలంగా వినబడుతోంది. వినడానికి అందమైన మాటే. సాక్ష్యం మాత్రం దాన్ని కొంతమేరకే బలపరుస్తుంది.

దానికి పండిత బలాన్నిచ్చినవాడు ఆరేలియో ఎం. ఎస్పినోసా. 1880లో దక్షిణ కొలరాడోలో, స్పానిష్ మాట్లాడే కుటుంబంలో పుట్టి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. న్యూ మెక్సికో కథాగేయాల సంకలనాన్ని 1915లో వెలువరించాడు. ఈ కథాగేయాన్ని స్పానిష్‌లో ‘రొమాన్సే’ అంటారు. ఎనిమిది అక్షరాల పాదాలు. సరి పాదాల చివర అచ్చుల మైత్రి పాట పొడవునా సాగుతుంది. ఎస్పినోసా తన పాఠాలను స్పెయిన్ పాఠాల పక్కన పెట్టి పోల్చాడు. పోలికలు నిజంగానే గట్టివి.

దెల్గదీనా పాటనే తీసుకుందాం. కన్నకూతురినే కోరిన రాజు, కాదన్న కూతురు, ఆమెను బంధించిన గది, గుక్కెడు నీళ్ల కోసం తల్లినీ తోబుట్టువులనూ వేడుకోవడం, నీళ్లు అందేలోపే మరణం. ఈ కథను స్పెయిన్‌లో పాడారు, న్యూ మెక్సికోలో పాడారు, 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదుల సంతతివారు మొరాకోలోనూ తూర్పు మధ్యధరా తీరాల్లోనూ పాడారు. ఇంత దూరదూరాన ఒకే కథ దొరకడం దాని ప్రాచీనతకు మంచి సూచన. సూచనే, రుజువు కాదు. మొరాకో యూదులకు స్పెయిన్‌తో రాకపోకలు తర్వాతి కాలంలోనూ ఉన్నాయి.

ఇదే పాట మెక్సికోలో పాడే కొన్ని పాఠాల్లో రాజు కూతురిని పూజకు రమ్మనేది మొరేలియా నగరానికి. ఆ ఊరి పాత పేరు వయ్యదోలిద్. స్వాతంత్ర్య యోధుడు మొరేలోస్ జ్ఞాపకార్థం 1828లో పేరు మార్చారు. అంటే ఆ పాదం 1828కి ముందు ఆ రూపంలో ఉండే అవకాశం లేదు. కథ పాతది, పాదం కొత్తది. పాట వయసు ఎంతని మొత్తంగా అడిగితే జవాబు రాదు. పాదం పాదానికీ విడిగా అడగాలి.

చెక్కుచెదరలేదన్న వాదానికి చరిత్రలోనూ చిక్కులున్నాయి. ఒన్యాతే బృందం రియో గ్రాందే ఒడ్డున 1598 ఏప్రిల్ 30న ఒక నాటకం ఆడిందని, ఆ యాత్రలో పాల్గొన్న విల్యగ్రా 1610లో అచ్చయిన తన కావ్యంలో చెప్పాడు. నాటకపు పాఠం మనకు మిగల్లేదు. 1680లో అక్కడి మూలవాసులైన పుయెబ్లో ప్రజల తిరుగుబాటు వలసదారులను పన్నెండేళ్లపాటు దక్షిణాదికి తరిమింది. తిరిగి రావడం 1692 తర్వాతే. ఆపైన కూడా మెక్సికో నగరానికీ సాంతా ఫేకీ మధ్య రాజమార్గం మీద బిడారులు నడుస్తూనే ఉన్నాయి. బట్టలు, ఇనుము, పూజాసామగ్రి వచ్చిన దారిన పాటలు రాకుండా ఉంటాయా? మెక్సికోలో పుట్టిన ఆర్థర్ ఎల్. కాంపా 1946 నాటి తన గ్రంథంలో ఈ మెక్సికో బంధాన్నే నొక్కి చెప్పాడు. ఈ విషయంలో నాకు కాంపా వాదమే బలంగా కనిపిస్తుంది. న్యూ మెక్సికోకు రాష్ట్ర హోదా దక్కింది 1912లో. ‘మెక్సికన్’ అన్న మాటలో చిన్నచూపు ధ్వనించిన ఆ రోజుల్లో ‘స్పానిష్’ అనిపించుకోవడం గౌరవానికి సంబంధించిన విషయం. ఎస్పినోసా సేకరణ విలువను ఇది తగ్గించదు. ఆయన నిర్ధారణలను చదివేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి.

రొమాన్సేతో పాటు న్యూ మెక్సికోలో పాడిన ‘దేసిమా’ అనే మరో గేయరూపం దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు పాఠకుడికి ఇది సులువుగా పట్టుబడుతుంది, ఎందుకంటే మన సమస్యాపూరణానికి దగ్గర చుట్టంలా ఉంటుంది. ముందు నాలుగు పాదాల చరణం ఒకటి ఇస్తారు. తర్వాత పదేసి పాదాల చరణాలు నాలుగు. మొదటి దశపాది ఇచ్చిన మొదటి పాదంతో ముగియాలి, రెండోది రెండో పాదంతో, అలా నాలుగూ. మొత్తం నలభై నాలుగు పాదాలు. దశపాదిలో అంత్యప్రాస కూడా కట్టుదిట్టం: ఒకటి, నాలుగు, అయిదు కలవాలి, రెండు, మూడు కలవాలి, ఆరు, ఏడు, పది కలవాలి, ఎనిమిది, తొమ్మిది కలవాలి. విసెంతే ఎస్పినెల్ 1591లో అచ్చువేసిన పద్యాలతో ఈ పద్ధతికి పేరొచ్చింది. చదువుకున్నవాళ్ల ఈ ఛందస్సును న్యూ మెక్సికోలో గొర్రెల కాపరులూ రైతులూ జ్ఞాపకంలో మోశారు. పరిశోధకుడికి ఈ కట్టడి పెద్ద వరం. ప్రాస తప్పిన చోట పాదం జారిపోయిందో, మాట మారిందో అనుమానించవచ్చు. రొమాన్సేలో పాదం ఊడినా అతుకు కనబడదు. దేసిమాలో వెంటనే కనబడుతుంది.

మౌఖికమన్న మాటనూ ఆచితూచి వాడాలి. ‘అలబాదో’లు క్రీస్తు శ్రమలను తలచుకుంటూ, వాద్యాల తోడు పెద్దగా లేకుండా సాగదీసి పాడే భక్తిగీతాలు. పెనితెంతెలనే సోదర సంఘాలవారు వీటిని పవిత్ర వారంలోనూ చావుల దగ్గరా పాడతారు. వాటి మాటలు చేతిరాత నోటుబుక్కుల్లో ఒకరి నుంచి ఒకరికి నకలవుతూ వచ్చాయి. విన్నది విన్నట్టు రాసిన వర్ణక్రమం ఆ ఊరి ఉచ్చారణకు సాక్ష్యం కూడా.

స్పెయిన్ నుంచీ మెక్సికో నుంచీ కాక స్థానికంగా పుట్టినవీ ఉన్నాయి. ‘ఇందీతా’ అనే పాటల్లో చెరబట్టుడు, దాడి, విషాద మరణం లాంటి సంఘటనలు వస్తాయి. కొన్నిటి పల్లవుల్లో అర్థం లేని స్వరాక్షరాలు మూలవాసుల గానాన్ని తలపిస్తాయి. కొమాంచీలనే మూలవాసుల వేషంతో సాగే ఉత్సవ గీతాలను ఎన్‌రీకే లమద్రిద్ 2003లో వెలువరించిన గ్రంథంలో వివరంగా చర్చించాడు. చెర, ఘర్షణ, బంధుత్వం కలగలిసిన ఈ పాటలను మూటలో వచ్చిన స్పెయిన్ వారసత్వం అనలేం.

అర్రోయో ఓందో గ్రామంలో పుట్టిన హువాన్ బి. రయెల్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేస్తున్న అలన్ లోమాక్స్ సమకూర్చిన పరికరంతో 1940 వేసవిలో సొంత ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ వెళ్లి పాటలు రికార్డు చేశాడు. ఆ ధ్వనులు ఇప్పుడు ఆ గ్రంథాలయంలో ఎవరైనా వినవచ్చు. నోటుబుక్కులు రాసుకున్నవాళ్లు మాటలు రాసుకున్నారు, స్వరాలు కాదు. ఒక అలబాదో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ అక్షరం మీద గొంతు వణుకుతుందో ఆ పాత డిస్కుల్లోనే దొరుకుతుంది.