‘జెంటూ’ అంటే మనమే

మేము చదివిండేది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది రైల్వేలో గుమాస్తాగా చేరినాకనే. తప్పులుంటే దిద్దండి.

బేరిగైలో మన పిల్లోడొకడు ‘జెంటూ’ అంటే ఏమి తాతా అని అడిగినాడు. ఫోనులో వెతికితే పెంగ్విన్ పక్షి వచ్చిందంట. అదీ నిజమే, ఆ పేరుతో పెంగ్విన్ ఉంది. అయితే ఒకప్పుడు జెంటూ అంటే మనమేరా అంటే వాడు నమ్మలేదు.

పోర్చుగీసు వాళ్ళు తమ మతం కానోళ్ళను ‘జెంటియో’ అనేవాళ్ళు. ఆ మాటే ఇంగ్లీషోళ్ళ నోట్లో జెంటూ అయింది. బెంగాలులో దానికి హిందువు అని అర్థం. 1776లో హాల్‌హెడ్ ఇంగ్లీషు చేసిన ‘జెంటూ చట్టాలు’ హిందూ ధర్మశాస్త్రమే, తెలుగోళ్ళ చట్టం కాదు. పాత పుస్తకాలు చదివేవాళ్ళు ఇక్కడే తడబడతారు. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగు మనిషి, తెలుగు భాష. తమిళులకేమో ‘మలబార్లు’ అని పేరు పెట్టినారు. మలబారు ఎక్కడ, మద్రాసు ఎక్కడ!

1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగు అని రాసి, మామూలుగా జెంటూ అంటారని పుస్తకం పేరులోనే చేర్చినాడు. అంతవరకూ బాగుంది. ఇది ద్వీపకల్పంలో ఈశాన్య సీమల హిందువుల భాష అని కూడా అక్కడే రాసినాడు. టిప్పు పడిపోయిన 1799లోనే మన హోసూరు పక్క కంపెనీ చేతికి పోయింది. పదిహేడేళ్ళు మన దగ్గర పన్ను వసూలు చేసిన వాళ్ళ పుస్తకంలో మన ఊళ్ళకు చోటు లేదు. మాకు మనసు నొచ్చింది ఈ మాట కాడనే, జెంటూ కాడ కాదు.

తమిళంలో మనల్ని ‘వడుగర్’ అనేది కూడా ఇట్లాంటిదే, వడక్కు నుంచి వచ్చినోళ్ళని. తిట్టు కాదు గాని, ఈ మట్టిలో పుట్టినోళ్ళను ఎన్ని తరాలు వచ్చినోళ్ళనాల?

1852లో బ్రౌను దొర నిఘంటువు వచ్చేసరికి పేరు తెలుగు అనే నిలబడింది. కాగితాల మీద మన పేరు మాత్రం మాయమవుతా వచ్చింది. మా ఈడువాళ్ళను బడిలో చేర్చినప్పుడు తల్లినుడి గడిలో తమిళం అని రాసేసినారు. మా పెద్దోళ్ళు అడగలేదు, మేమూ దిద్దుకోలేదు.

మొన్న ఆ పిల్లోడి దరఖాస్తు నింపేటప్పుడు మేము పక్కనే కూర్చున్నాము. వాడికి తెలుగు రాయను రాదు. తమిళ అక్షరాల్లోనే ‘తెలుంగు’ అని రాసినాడు.