నకలు తీసే విద్య: కావలి బొర్రయ్య నుండి యూఎస్‌బీ స్కానరు దాకా

"స్కానర్లేవీ గుర్తింపబడలేదు" అన్నది తెర మీది వాక్యం. స్కానరేమో నా చేతికి జానెడు దూరంలో, పచ్చదీపం వెలిగించుకుని, నిక్షేపంగా బల్ల మీదే ఉంది. దాని అద్దం మీద బోర్లించి ఉన్నది మా తాతగారి లెక్కల పుస్తకం.

ఆ పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పాలి. తాతగారు కొల్లేటి లంకలో కాపురమున్న రోజుల్లో ఏటేటా రాసుకున్నది. ఏ సంవత్సరం తమ్మిలేరు, బుడమేరు ఎంత నీరు దింపాయో, ఆ నీటిని ఉప్పుటేరు సముద్రంలో కలపడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఎవరి గట్టు తెగిందో, ఎవరికి పంట దక్కిందో, ఏడాదికి రెండు మూడు పంక్తుల చొప్పున అందులో ఉంటుంది. చేపల చెరువులు కమ్ముకోక ముందటి కొల్లేరు అది. ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ప్రభుత్వమే పూనుకుని చెరువుల గట్లు పగలగొట్టించింది. అసలు సరస్సు ఎలా ఉండేదన్న ప్రశ్నకు మా ఇంటి మట్టుకు ఉన్న సాక్ష్యం ఈ ఒక్క పుస్తకమే. కొల్లేటి చెమ్మకు దాని పుటలు అతుక్కుపోతున్నాయి. సిరా పాలిపోయి గోధుమరంగుకు తిరిగింది. తాడేపల్లిగూడెం తెచ్చి బీరువాలో పెట్టినా, ఇంకో రెండు వానాకాలాలు దాటుతుందన్న ధీమా నాకు లేదు.

స్కానరు 2004లో కొన్నది. దానితో ఇచ్చిన డ్రైవరు 32 బిట్ల కాలం నాటిది. 64 బిట్ల విండోసు అటువంటి డ్రైవర్లను లోపలికి రానివ్వదు. తయారీదారులు కొత్తది రాయలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అందుచేత లినక్సును ఆశ్రయించాను. అక్కడ ఎదురైనదే పై వాక్యం. దాన్ని తొలగించడానికి నాకు నాలుగు సాయంకాలాలు పట్టింది. పనిలో పనిగా, పాత అక్షరాలకు నకలు తీసే విద్యకు మా ప్రాంతంలో ఉన్న చరిత్ర మనసులో మెదులుతూ వచ్చింది. ఆ రెండు కథలూ నాకు ఒకటిగానే కనిపించాయి కనుక కలిపే చెబుతాను.

కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టారు. ఇరవయ్యేళ్ల ప్రాయంలో కాలిన్ మెకంజీ దగ్గర దుబాసీగా చేరారు. మెకంజీ వృత్తిరీత్యా భూములు కొలిచే ఇంజనీరు. 1815లో భారతదేశానికంతటికీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. దేశభాషలు ఆయనకు పట్టుబడలేదు. ఊరూరా తిరిగి కరణాలతో, పూజారులతో, పెద్దలతో మాట్లాడి, కైఫీయతులు రాయించి, శాసనాలకు నకళ్లు తీసే పని బొర్రయ్య ఆరంభించి ఒక పద్ధతిలో పెట్టారు. మైసూరు సర్వేలో ఎవరికీ కొరుకుడు పడని హళగన్నడ శాసనాలను చదివిన ఘనత ఆయనది. 1803లో, నిండా ముప్పయ్యేళ్లు రాకుండానే, కన్నుమూశారు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందుకున్నారు. మెకంజీ సేకరణలో చివరకు చేరిన శాసన ప్రతులు ఎనిమిది వేలకు పైబడ్డాయి.

శాసనం వంటి మన్నిక గల వస్తువుకు నకలెందుకని ఎవరైనా అడగవచ్చు. కొల్లేటి శాసనమని పేరుపడ్డ తామ్రపత్రాలే అందుకు సమాధానం. వేంగి నుండి పాలించిన శాలంకాయన రాజు విజయనందివర్మ ఇచ్చిన దానపత్రమది. సర్ వాల్టర్ ఇలియట్ చేతికి చేరింది. 1876లో ఫ్లీట్ దొర దాన్ని ఇండియన్ యాంటిక్వెరీ అయిదవ సంపుటంలో ప్రకటించాడు. అదే వంశానికి చెందిన విజయదేవవర్మ ప్రాకృత శాసనం ఏలూరు పేరుతోనే ప్రసిద్ధమైంది. దాన్ని హుల్ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటంలో పరిష్కరించాడు. రాగి రేకు ఒక్కచోటనే ఉంటుంది. అచ్చయిన ప్రతి వంద గ్రంథాలయాల్లో ఉంటుంది. పదిహేను వందల ఏళ్లు దాటిన ఆ అక్షరాలను ఈనాడు కూడా ఒక విద్యార్థి చదవగలుగుతున్నాడంటే రాగి మన్నిక ఒక్కటే కారణం కాదు. ఆ లిపిని చదివే తాళంచెవి ఏ ఒక్కరి సొత్తూ కాకపోవడం అసలు కారణం.

ఇక నా బల్ల మీది యంత్రం సంగతి. శాలంకాయనుల రేకును చదవగలుగుతున్నాం కానీ ఇరవయ్యేళ్ల నాటి స్కానరుతో మాట్లాడలేకపోతున్నాం. దాని లిపి తెలిసినది తయారీదారు ఒక్కడికే. అతడు మౌనం వహిస్తే యంత్రం మూగదైపోయినట్టే.

ఈ మౌనానికి ఎదురుతిరగడంలోనే స్వేచ్ఛా సాఫ్టువేరు పుట్టింది. అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్సు వారి లేజరు ప్రింటరు ఒకటి వచ్చింది. దానిలో కాగితం చిక్కుకుపోతే దూరాన ఉన్నవారికి తెలిసే ఏర్పాటు లేదు. పాత ప్రింటరుకు అటువంటి ఏర్పాటును రిచర్డ్ స్టాల్‌మన్ తానే రాసుకున్నాడు. కొత్తదానికీ రాద్దామంటే మూలరచన ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అది ఉన్నవారిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానన్నారట. 1983 సెప్టెంబరు 27న ఆయన గ్నూ ప్రకటన చేయడం వెనుక ఉన్న అనుభవాల్లో ఇది ముఖ్యమైనదని ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. అంటే ఈ ఉద్యమపు మూలాల్లోనే కాగితంతో పనిచేసే ఒక మూగయంత్రం ఉంది. విచిత్రమేమంటే, అదే కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడైన మన రాజ్‌రెడ్డి గారు తరువాతి కాలంలో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించే పథకానికి సారథ్యం వహించారు. 2007 నాటికి అది పదిహేను లక్షలు దాటింది. మనలో చాలామంది తెరమీద చదివిన పాత తెలుగు పుస్తకాలెన్నో ఆ పథకంలో భాగమైన భారత డిజిటల్ లైబ్రరీ ద్వారా వచ్చినవే.

లినక్సులో స్కానర్ల బాధ్యత మోసేది సేన్. "స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ" అన్న మాటలకు పొట్టిపేరు. డేవిడ్ మోస్‌బర్గర్, ఆండ్రియాస్ బెక్ 1990ల నడుమ దీన్ని తలపెట్టారు. అప్పటికే ఉన్న ట్వెయిన్ అనే ప్రమాణంలో యంత్రాన్ని నడిపే భాగమూ, మనకు కనిపించే కిటికీ కలిసే ఉంటాయి. సేన్ ఆ రెంటినీ విడదీసింది. యంత్రపు భాష తెలిసిన భాగం వెనక ఉంటుంది, మనిషితో మాట్లాడే భాగం ముందు ఉంటుంది. మెకంజీకి బొర్రయ్య ఎలాగో, ముందుభాగానికి వెనకభాగం అలాగ. అసలైన దుబాసీ అదే. ఒక దుబాసీ ఒక కుటుంబపు స్కానర్ల భాష నేర్చుకుంటే చాలు, అన్ని కిటికీలకూ పనికొస్తాడు. ఆ భాషను కొందరు తయారీదారులు చెప్పారు. చెప్పని చోట్ల, తీగలో పోయే సంకేతాలను గమనించి ఔత్సాహికులే నేర్చుకున్నారు. శాసనాలు చదివినవారు చేసిందీ ఇదే కదా!

నా నాలుగు సాయంకాలాల్లో ఒక్కో చిక్కూ ఈ చరిత్రలో ఒక్కో పొరగా బయటపడింది.

మొదటి సాయంకాలం తీగను అనుమానించాను. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం ఇస్తే యంత్రానికి తగిలించిన వస్తువులన్నీ వరుసగా చెబుతుంది. 1996లో వచ్చిన యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ప్రతి వస్తువుకూ రెండు సంఖ్యలుంటాయి. ఒకటి తయారీదారుది, రెండవది నమూనాది. ఇంటిపేరూ, పేరూ అన్నమాట. నా స్కానరు రెండూ చెప్పింది. కాబట్టి తీగ మంచిదే. తరువాత సేన్-ఫైండ్-స్కానర్ అనే ఆదేశం కూడా ఇదిగో ఇక్కడ స్కానరుందని చూపింది. స్కాన్‌ఇమేజ్ మాత్రం లేదు పొమ్మంది. ఈ రెంటికీ తేడా గ్రహిస్తే సగం రోగం తెలిసినట్టే. మొదటిది గుమ్మంలో ఎవరో ఉన్నారని మాత్రమే చూస్తుంది. రెండవది వారి భాష తెలిసిన దుబాసీ కోసం వెతుకుతుంది.

రెండవ సాయంకాలం అనుమతుల పొర తగిలింది. నిర్వాహకుడి హోదాలో అడిగితే స్కాన్‌ఇమేజ్ స్కానరు పేరు చెప్పింది. మామూలు వాడుకరిగా అడిగితే చెప్పలేదు. పూర్వం లినక్సు కెర్నెల్‌లోనే యూఎస్‌బీ స్కానర్లకు ఒక డ్రైవరుండేది. 2003 డిసెంబరులో 2.6 శ్రేణి మొదలైన కొద్దికాలానికే దాన్ని తొలగించారు. పని లిబ్‌యూఎస్‌బీ అనే గ్రంథాలయానికి మారింది. వస్తువును ఎవరు ముట్టుకోవచ్చునో నిర్ణయించే పని యూడెవ్ నియమాలకు పోయింది. ఇప్పటి లినక్సు పంపిణీల్లో ఇది చాలావరకు దానంతటదే జరిగిపోతుంది. నాది పాత సరుకు కనుక జరగలేదు. ఆ రెండు సంఖ్యలతో ఒక నియమం రాసి, నన్ను స్కానర్ సమూహంలో చేర్చుకుని, ఒకసారి బయటికి పోయి మళ్లీ ప్రవేశిస్తే గాని ద్వారం తెరుచుకోలేదు.

మూడవ సాయంకాలం పేరు చెప్పింది గాని కదలలేదు. ఇది అన్నిటికంటె లోతైన పొర. కొన్ని చవక స్కానర్లు తమను తాము నడుపుకునే ప్రోగ్రామును లోపల దాచుకోవు. దీపం వెలిగిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. ఫర్మ్‌వేర్ అనే ఆ చిన్న ఫైలు తయారీదారు సొత్తు. దుబాసీని ఉచితంగా పంచవచ్చు గాని ఆ ఫైలును లినక్సు పంపిణీలో చేర్చడానికి హక్కు లేదు. స్కానరుతో పాటు ఇచ్చిన సీడీలో అది ఉంటుంది. నా సీడీ ఏది? బీరువా అడుగున దొరికింది. కొల్లేటి చెమ్మ తాతగారి పుస్తకాన్నే కాదు, దాన్నీ తిన్నది. వెండిపూత పొరలుగా లేచిపోయింది.

నాలుగవ నాడు ఏలూరు వెళ్లాను. నాతో పాటు అదే నమూనా కొన్న పాత మిత్రుడొకరున్నారు. వారి స్కానరు ఏనాడో పాత సామాన్లవాడి పాలయింది గాని, అలవాటు కొద్దీ సీడీకి నకలు తీసి దాచుకున్నారు. "నకలు తీయడం దండగ అన్నారు మా ఇంట్లో, చూశారా!" అంటూ ఇచ్చారు. అందులోని క్యాబ్ మూటను విప్పి, ఫర్మ్‌వేరును సేన్ చెప్పిన సంచయంలో పెట్టగానే లోపలి దీపం మెల్లగా కదిలింది. రెండవ పుటకు మళ్లీ ఆగింది. అది యూఎస్‌బీ 3 రంధ్రం మహిమ. పాత స్కానర్లకు కొత్త రంధ్రాలతో ఈ పేచీ తరచు వచ్చేదే. వెనుకనున్న యూఎస్‌బీ 2 రంధ్రానికి మార్చాక మరి ఆగలేదు.

ఎవరైనా ఇటువంటి పనికి పూనుకుంటే ఒక సూచన. పాలిపోయిన సిరాను నలుపు-తెలుపు పద్ధతిలో స్కాన్ చేయకండి. యంత్రం సగం అక్షరాలను కాగితమనుకుని తుడిచేస్తుంది. రంగులోనే, కనీసం 300 చుక్కల సాంద్రతతో తీసి, టిఫ్ రూపంలో భద్రపరచండి. కుదించిన ప్రతి తరువాతైనా చేసుకోవచ్చు.

బొర్రయ్య సోదరుల కథకు ముగింపు ఇంకా చెప్పలేదు. 1821లో మెకంజీ పోయాక, ఆ సేకరణ ఆనుపానులు అందరికంటె బాగా తెలిసినవారు లక్ష్మయ్య. పని కొనసాగనిమ్మని ఆయన 1830లలో అర్జీ పెట్టుకున్నారు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారు, ప్రిన్సెప్ మాట మీద, దేశీయుడికి అంతటి విమర్శజ్ఞానం ఉండదని తోసిపుచ్చారు. పని టైలర్ అనే మతగురువుకు దక్కింది. చెదలు తిని, సిరా వెలిసిన కాగితాలను ఆయన మళ్లీ రాయించిన మాట నిజమే. బ్రౌను దొరా కైఫీయతులకు నకళ్లు రాయించాడు. ఆ నకళ్లే లేకపోతే చాలా గ్రామాల చరిత్ర ఈనాడు మనకు ఉండేది కాదు. కాని రాసినవారి నోట ఉన్న తెలివిడి, అంటే ఏ కాగితం ఏ సందర్భంలో ఎవరు చెప్పగా రాసిందన్నది, లక్ష్మయ్యతోనే పోయింది.

కాగితం చెడితే నకలు ఆదుకుంటుంది. నకలు తీసే తెలివి ఒక్క చేతిలో చిక్కుకుంటే ఆదుకునేది లేదు. అది దొరతనం వారి అహంకారం వల్ల చిక్కుకున్నా ఒకటే, వ్యాపారి రహస్యం వల్ల చిక్కుకున్నా ఒకటే. ఇటీవలి స్కానర్లు చాలావరకు ఎవరైనా నేర్వగలిగిన ఉమ్మడి భాషలో, ప్రత్యేకమైన డ్రైవరు లేకుండానే మాట్లాడుతున్నాయి. మంచి పరిణామమే.

తాతగారి పుస్తకం నూట పన్నెండు పుటలూ పూర్తయ్యాయి. ఒక ప్రతి ఏలూరు మిత్రునికి, ఇంకొకటి లంకలోనే ఉన్న మా పినతండ్రి గారింటికి పంపాను. వాటితో పాటు ఆ ఫర్మ్‌వేరునూ, నా యూడెవ్ నియమాన్నీ, ఏది ఎక్కడ పెట్టాలో తెలుగులో రాసిన ఒక పుటనూ జతచేశాను. మళ్లీ ఎవరికైనా ఆ వాక్యం కనిపిస్తే, ఈసారి నాలుగు సాయంకాలాలు పట్టకూడదు.