కోయంబత్తూరు షెడ్లలో మూడు సిలిండర్ల జపాన్ ఇంజిన్

పాత జపాన్ స్పోర్ట్స్ కారు అనగానే చాలామందికి గుర్తొచ్చేవి 1969లో వచ్చిన డాట్సన్ 240 జడ్, 1978లో వచ్చిన మాజ్డా ఆర్ఎక్స్-7. అమెరికాలో అవి వేలకొద్దీ అమ్ముడయ్యాయి. మనకేమో దిగుమతి సుంకాలు, లైసెన్సులు అడ్డం. మన కొంగునాట జపాన్ ఇంజిన్ రేసుకెక్కిన కథ వేరే దారిలో నడిచింది. అది మారుతి 800 ఇంజిన్ కథ. అందులో మన తెలుగు ఇళ్ళ పాలు చాలా ఉంది. మన పిల్లల్లో ఎక్కువమందికి అది తెలియదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు ఊరి సంగతి చెప్పుకోవాలి. విజయనగర, నాయక రాజుల కాలంలో ఇటు వచ్చి నల్లరేగడిలో పత్తి వేసుకున్న కుటుంబాలు మనవి. పత్తి నుంచి మిల్లులకు వచ్చాం. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్ పెట్టారు. మిల్లు యంత్రాలు సీమ నుంచి వచ్చేవి. ఒక పన్ను విరిగితే ఓడ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా! అందుకే లేతు షెడ్లు, పోత కార్ఖానాలు పుట్టాయి. 1920లో జి.డి. నాయుడు గారు పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి మన దేశంలోనే తొలి విద్యుత్ మోటారు చేశారని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు. విరిగినదాన్ని పారేయకుండా విప్పి, కొలిచి, మళ్ళీ చేసుకోవడం ఇక్కడ వందేళ్ళుగా ఉన్న అలవాటు.

ఇక రేసుల సంగతి. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏటేటా పందేలు జరిగేవి. డబ్బున్నవాళ్ళు విదేశీ కార్లు తెచ్చుకునేవాళ్ళు. మిగతావాళ్ళకు ఫియట్, హెరాల్డ్ లాంటివే దిక్కు. వాటి ఇంజిన్లు తీసి, సొంతంగా వెల్డింగు చేసిన చట్రాల్లో పెట్టుకుని 'స్పెషల్' అని పేరు పెట్టుకునేవాళ్ళు. పోటీ పేరుకే. ఒక్కో కారు ఒక్కో రకం కావడంతో గెలుపు డ్రైవరుదా, డబ్బుదా అన్నది తేలేది కాదు.

1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కింది. దాని గుండె సుజుకీ ఎఫ్8బి ఇంజిన్. మూడు సిలిండర్లు, 796 సీసీ, సుమారు 40 గుర్రాల శక్తి. చెప్పుకోవడానికి ఏమంత లేదు. కానీ దాని హెడ్డు అల్యూమినియం, క్యామ్ షాఫ్టు పైనే ఉంటుంది, బరువు తక్కువ, చక్రం ఎంత వేగంగా తిప్పినా తట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్పేరు పార్టు ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది.

ఈ విలువను పట్టుకున్నది లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గారు. ఊరంతా 'కరి' అనే పిలిచేది. 1980ల చివర ఆయన మారుతి ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేయించారు. ఫార్ములా మారుతి అని, ఫిస్మీ అని వాటిని పిలిచేవాళ్ళు. ఎంత సులువైన ఆలోచనో చూడండి. మారుతిలో ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే ముద్దగా ముందు ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. ఆ ముద్దను అలాగే తెచ్చి డ్రైవరు వీపు వెనక పెడితే అదే వెనక చక్రాలను తిప్పుతుంది. కొత్త గేర్‌బాక్సు అక్కర్లేదు. అందరి కార్లూ ఒకే రకం కావడంతో గెలుపు డ్రైవరు చేతికి, మెకానిక్కు చెవికి వచ్చింది. 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు, మన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ మొదట కూర్చున్న రేసు కార్లు ఇవే. కరి గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇంజిన్ను మార్చే పని మాత్రం షెడ్లలో జరిగింది. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు భోజనాల దగ్గర కూడా దీని గురించే వాదించుకునేవాళ్ళు. ముఖ్యమైన విద్య హెడ్డు కోయడం. ఒక్కో సిలిండరు సుమారు 265 సీసీ. కంప్రెషన్ 8.7 అనుకుంటే పైన మంట గదికి మిగిలే చోటు 34.5 సీసీ. హెడ్డు అడుగును చెక్కి ఆ చోటులో 3 సీసీ తగ్గిస్తే కంప్రెషన్ 9.4కు పోతుంది, లాగుడు పెరుగుతుంది. ఆశపడి ఇంకా కోస్తే ఆనాటి 87 ఆక్టేన్ పెట్రోలుకు ఇంజిన్ టకటకా కొట్టుకునేది, పిస్టన్ కరిగేది. ఇంకో చిక్కు కూడా ఉంది. హెడ్డు కిందికి దిగితే క్యామ్ షాఫ్టు క్రాంకుకు దగ్గరవుతుంది, వాల్వు టైమింగు కొంచెం వెనకబడుతుంది. అది సరిచేయనివాడి కారు స్టార్టింగులో నీరసంగా ఉండి, పై వేగంలోనే ఊపందుకునేది.

రోగం పట్టడంలో చెవి, ముక్కు, కన్ను అన్నీ పనిచేయాలి. మూడు సిలిండర్లలో ఒకటి చచ్చిపోతే మూడోవంతు బలం పోయినట్టే, బండి మొత్తం వణుకుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా పీకుతారు. ఏది పీకినప్పుడు శబ్దం మారదో అదే చచ్చిన సిలిండరు. "ఒరే అబ్బయా, మూడోది పలకట్లా, ప్లగ్గు తీసి చూడు" అనే మాట మా చెవుల్లో ఇంకా ఉంది. ప్లగ్గు మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ, బిస్కెట్ రంగుంటే సరి. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబడితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అల్యూమినియం హెడ్డు వేడికి వంగుతుంది కాబట్టి కొత్త గ్యాస్కెట్ వేసేముందు స్కేలు పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాల్సిందే. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, పార్టులకు ఇంగ్లీషు, మూడు భాషలూ ఆ ఇంజిన్ చుట్టూ తిరిగేవి.

2000 ప్రాంతంలో కార్బురేటరు పోయి కంప్యూటరుతో నడిచే ఇంజెక్షన్ వచ్చింది. 2014లో మారుతి 800 తయారీయే ఆగిపోయింది. ఇప్పుడు షెడ్ల మూలల్లో ఉన్న పాత కార్బురేటరు బండ్లకు కొత్త కష్టం వచ్చింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు దానికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో నడిపితే మిశ్రమంలో పెట్రోలు పాలు చాలదు, ఇంజిన్ వేడెక్కుతుంది. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించి, ఒక మెట్టు పెద్ద జెట్టు పెట్టి, ప్లగ్గు రంగు చూసుకుంటే బండి మళ్ళీ నిలుస్తుంది. చేయడం కష్టం కాదు, చేయగలిగినవాళ్ళే తగ్గిపోతున్నారు. స్కానర్ పెట్టి చూడటం తెలిసిన కుర్రాళ్ళున్నారు, పాయింట్ల గ్యాపు శబ్దాన్ని బట్టి చెప్పే పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మన కుటుంబాల చరిత్ర అంటే వలస వచ్చిన ఊరు, ఇంటి పేరు, గోత్రం, పాత దస్తావేజులు అని రాసుకుంటున్నాం. అవి కావలసిందే. కానీ చేతి పని కూడా వారసత్వమే, అది కాగితం మీద లేదు. కోయంబత్తూరు, తిరుప్పూరు, రాజపాళయం, హోసూరు, ఎక్కడున్నా సరే, మీ ఇంట్లో ఇంజిన్ విప్పిన తాతో, మామో ఉంటే ఒక ఆదివారం పక్కన కూర్చోండి. ఏ శబ్దానికి ఏ జబ్బో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. పాత జెట్ల డబ్బా, ఫీలర్ గేజ్, కొలతలు గీసిన నోటుబుక్కు కనబడితే పాత సామాన్లవాడికి వేయకండి. వాటిలో మన ఊరి వందేళ్ళ విద్య ఉంది.