అక్షింతల పురుగు చెప్పిన పాఠం

ముప్పయ్యేళ్ళకు పైగా బడిపంతులుగా బతికిన నేను, పదవీ విరమణానంతరం ఆళ్ళగడ్డ దగ్గర ఒక చేనిగట్టు మీద మళ్ళీ విద్యార్థినై కూర్చున్నాను. ఆ ముచ్చట చెప్పేముందు, మా సీమకు సేద్యపు చదువు నడిచివచ్చిన దారిని కొంత స్మరించుకోవాలి.

చెన్నపట్టణపు సైదాపేటలో 1876లో వ్యవసాయ పాఠశాల నెలకొన్నది. రైతుకు సేద్యం నేర్పాలన్నది నాటి దొరతనం సంకల్పం. అయితే ఇంగ్లండు నుండి వచ్చి దేశమంతా తిరిగిన వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, 1893 నాటి తన నివేదికలో మన రైతు ఆంగ్ల రైతుకు తీసిపోడనీ, అతనికి కొరవడినవి నీరూ, ఎరువూ అనీ తేల్చాడు. 1906లో నంద్యాలలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం వెలసింది. వర్తకులు ‘నార్తరన్స్’ అని పిలిచిన మా నల్లరేగడి పత్తి మీద అక్కడ పరిశోధన సాగింది. తరువాతి కాలపు ‘నరసింహ’ పత్తి రకమూ అక్కడిదే. 1991లో మహానందిలో వ్యవసాయ కళాశాల వచ్చింది.

ఇండోరులో కంపోస్టు పద్ధతిని రూపొందించిన ఆల్బర్ట్ హోవర్డ్ మాత్రం రైతులనూ, చీడపురుగులనూ తన ఆచార్యులుగా చెప్పుకున్నాడు. ఆ మాట మన పాఠ్యపుస్తకాల కెక్కలేదు. మా నాన్నగారు కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిళ్ళు చేనిలో నిలిపేవారు. శాస్త్రీయ వ్యవసాయం గూర్చి వ్యాసం రాయించినప్పుడల్లా అటువంటివన్నీ వెనుకబాటుతనమని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. ఆపైన పత్తిచేలలో శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా పోవడమూ, 1980ల చివరి నుండి రైతులు అప్పులలో కూరుకుపోవడమూ కళ్ళారా చూశాము.

ఇండోనేషియా వరిపొలాలలో 1989లో మొదలైన రైతుబడి మన రాష్ట్రంలో ‘పొలంబడి’ అయింది. వారానికొకసారి ఇరవై, ముప్పైమంది రైతులు చేనిలో దిగి, మొక్క మొక్కకూ పురుగులను లెక్కించి, బొమ్మ గీసి, మందు కొట్టాలో వద్దో తామే తీర్మానించుకుంటారు. ఇటీవలి ప్రకృతి సేద్యపు శిక్షణలోనూ పాఠశాల పొలమే. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి, రెండు రోజులు మురగబెట్టే జీవామృతాన్ని నేను అక్కడే నేర్చాను.

ఒకనాడు ఆకుమీద ముళ్ళముళ్ళగా ఉన్న నల్లని పురుగును నలపబోయాను. పక్కనున్న రైతమ్మ నా చేయి పట్టి ఆపింది. “వద్దు సారూ! అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తింటాది.”

నేను సిగ్గుపడ్డాను. ఆమె బడి మెట్లు ఎక్కలేదు, నేను దిగలేదు. తేడా అంతే.

‘పొలంబడి’ అంటే పొలమునందలి బడి అని ఇన్నాళ్ళూ విగ్రహవాక్యం చెప్పుకున్నాను. ఇప్పుడు దిద్దుకుంటున్నాను: పొలమనెడి బడి. రూపక సమాసం. వ్యాకరణవేత్తలు మన్నింతురుగాక!